పాత క్యారవాన్‌కు సోలార్: ముందు బల్బులు, తర్వాతే ప్యానెల్

క్యారవాన్ అనగానే మనవాళ్లకు షూటింగ్ దగ్గర హీరోగారు మేకప్ వేసుకునే ఏసీ బస్సు గుర్తొస్తుంది. హైదరాబాద్ వాళ్లకైతే గోల్కొండ దారిలోని కార్వాన్ కూడా గుర్తుకు రావచ్చు. వ్యాపారుల బిడారులు దిగిన చోటు కాబట్టి దానికా పేరు. ఇంగ్లండ్‌లో మాత్రం క్యారవాన్ అంటే కారు వెనక కొక్కేనికి తగిలించి లాక్కెళ్లే చిన్న రేకుల ఇల్లు. లోపల పక్కలుగా మారే సోఫాలు, గ్యాస్ పొయ్యి, సింకు, ఒక మనిషి మాత్రమే నిలబడగల బాత్రూము ఉంటాయి. వేసవి రాగానే జనం వీటిని వేల్స్ కొండల్లోకో కార్న్‌వాల్ తీరానికో ఈడ్చుకెళ్లి వారం పది రోజులు ఉండి వస్తారు. ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు కొన్నిటికి కూడా ఈ పిచ్చి పట్టింది. మాది అందులో ఒకటి.

మేం కొన్నది 1996 నాటి బండి. ధర తక్కువ, తేమ వాసన ఉచితం. మొదటిసారి కరెంటు కనెక్షన్ లేని ఒక పొలంలో దిగాం. రెండో రాత్రి తొమ్మిదింటికల్లా దీపాలు మసకబారాయి, నీళ్ల పంపు మూలగడం మొదలెట్టింది. తెల్లారి కాఫీ కూడా తాగకుండా ఫోన్‌లో సోలార్ ప్యానెళ్ల ధరలు వెతుకుతూ కూర్చున్నాను. ఆ పూట వెతకాల్సింది వాటిని కాదని అర్థం కావడానికి ఒక సీజన్ పట్టింది. కుండకు చిల్లి ఉంటే ఎన్ని బిందెలు తెచ్చి పోసినా ఒకటే. మా కుండకు కప్పు కింద ఆరు చిల్లులు వెలుగుతున్నాయి.

అసలు ఈ పాత బండ్లలో కరెంటు ఎక్కణ్నుంచి వస్తుందో ముందు చెప్పాలి. సైట్‌లో స్తంభానికి ఉండే నీలం రంగు సాకెట్లో ప్లగ్గు పెడితే 230 వోల్టుల మెయిన్స్ వస్తుంది. కారు లాగుతున్నంతసేపు కారు ఆల్టర్నేటర్ కొంత ఇస్తుంది. ఈ రెండూ లేనప్పుడు ఆధారం పక్క పెట్టెలో కూర్చున్న 12 వోల్టుల బ్యాటరీ ఒక్కటే. దీపాలు, పంపు, హీటర్ ఫ్యాను ఎప్పుడూ ఆ 12 వోల్టుల మీదే నడుస్తాయి. మెయిన్స్ ఉన్నప్పుడు కూడా లోపలి ఛార్జరు దాన్ని దించి వీటికి అందిస్తుంది. అందుకే బల్బులు మార్చినా, కప్పు మీద ప్యానెల్ పెట్టినా, మనం ముట్టుకునేది ఈ 12 వోల్టుల లోకాన్నే. 230 వోల్టుల వైరింగ్ జోలికి మాత్రం సొంతంగా వెళ్లొద్దు. అది అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్ పని.

కరెంటు కోతల రోజుల్లో ఇంట్లో ఇన్వర్టర్ పెట్టుకున్నవాళ్లకు బ్యాటరీ గుణాలు కొత్తగా చెప్పక్కర్లేదు. మా బండిలో ఉన్నది 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) లెడ్ యాసిడ్ బ్యాటరీ. 12తో గుణిస్తే 1,200 వాట్ అవర్లు, కరెంటు బిల్లు భాషలో 1.2 యూనిట్లు. అయితే ఈ రకం బ్యాటరీని పదేపదే సగానికి మించి ఖాళీ చేస్తే దాని ఆయుష్షు తరిగిపోతుంది. కాబట్టి చేతికొచ్చేది 0.6 యూనిట్ అనుకోవాలి. మనింట్లో 75 వాట్ల సీలింగ్ ఫ్యాను ఎనిమిది గంటలు తిరిగితే ఆ 0.6 యూనిట్ అయిపోతుంది. ఇక్కడ ఇల్లంతా దాని మీదే గడవాలి. బ్యాటరీ ఎంత మిగిలిందో చూడటానికి చిన్న వోల్టు మీటరు చాలు. ఏ లోడూ లేకుండా కాసేపు ఉంచి చూస్తే 12.7 అంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగానికి వచ్చినట్టు.

ఇక చిల్లుల లెక్క. మా బండిలో ఒక్కోటి 10 వాట్ల హాలోజన్ బల్బులు ఆరు, వంట దగ్గర 16 వాట్ల ట్యూబ్‌లైటు ఒకటి. సాయంత్రం నాలుగు బల్బులు, ట్యూబ్‌లైటు కలిపి నాలుగు గంటలు వెలిగితే 224 వాట్ అవర్లు. అంటే వాడుకోదగిన ఆ 600లో మూడో వంతుకు పైగా ఒక్క సాయంత్రం దీపాలకే పోయింది. మూడో రాత్రి పూర్తికాకముందే కథ ముగుస్తుంది. పంపు, ఫోన్ల ఛార్జింగ్ కూడా కలిస్తే రెండో రాత్రికే. మాకు జరిగింది అదే.

హాలోజన్ బల్బు తీగను భగ్గుమనేలా కాల్చి వెలుగు పుట్టిస్తుంది. తిన్న కరెంటులో తొంభై శాతం పైగా వేడిగానే పోతుంది. ఎల్‌ఈడీలో తీగ ఉండదు. నీలం కాంతినిచ్చే చిన్న చిప్, దాని మీద కొంత నీలాన్ని పసుపుగా మార్చే పూత ఉంటాయి. రెండూ కలిసి మన కంటికి తెలుపు. ఆ నీలం చిప్‌ను సాధించినందుకే అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. 10 వాట్ల హాలోజన్ ఇచ్చే వెలుగును 2 వాట్ల లోపు ఎల్‌ఈడీ ఇచ్చేస్తుంది. మా నాలుగు బల్బులకు 2 చొప్పున 8 వాట్లు, ట్యూబ్ స్థానంలో 5 వాట్లు అనుకుంటే నాలుగు గంటలకు 52 వాట్ అవర్లు. ఒక సాయంత్రానికి 172 మిగిలాయి. ఈ 172 అనే అంకెను గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో ప్యానెల్ పక్కన నిలబెడతాను.

బల్బు మార్చడమంటే పాతది పీకి కొత్తది గుచ్చడమే కదా అనుకుంటాం. పాత బండిలో ఇక్కడే దెబ్బ తింటారు.

12 వోల్టుల బ్యాటరీ అని పేరేగానీ అది 12 దగ్గర కుదురుగా ఉండేది తక్కువ. నీరసించినప్పుడు 11.5, ఛార్జ్ అవుతున్నప్పుడు 14.4. చవక ఎల్‌ఈడీ బల్బు లోపల ఏముంటుందంటే, ఒక్కోటి 3 వోల్టులు తీసుకునే చిప్‌లు మూడు వరసగా, మిగిలిన వోల్టేజీని మింగడానికి ఒక రెసిస్టరు. సరఫరా సరిగ్గా 12 ఉంటే చిప్‌లకు 9 పోగా రెసిస్టరు మీద 3 వోల్టులు పడతాయి. అదే సరఫరా 14.4 అయితే రెసిస్టరు మీద 5.4. మూడుకు అయిదున్నర దగ్గర, అంటే చిప్‌ల గుండా 80 శాతం ఎక్కువ కరెంటు. వోల్టేజీ పెరిగింది అయిదో వంతే, కరెంటు మాత్రం రెట్టింపుకు దగ్గరపడింది. బల్బు వెంటనే పేలిపోదు. వేడెక్కి, వెలుగు తగ్గి, కొన్నాళ్లకు మినుకుమినుకుమని పోతుంది. మనం కంపెనీని తిడతాం. నా మొదటి సెట్టులో నాలుగు అలాగే పోయాయి, నేనూ తిట్టాను. కప్పు మీద ప్యానెల్ వచ్చాక ఈ ఇబ్బంది ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే ఎండ ఉన్న ప్రతి పగలూ బ్యాటరీ 14 దాటుతుంది. కాబట్టి కొనేటప్పుడు అట్ట మీద 12 వోల్టులు అని మాత్రమే ఉంటే పక్కన పెట్టేయండి. 10 నుంచి 30 వోల్టులు అని ఉంటే లోపల కరెంటును అదుపు చేసే చిన్న సర్క్యూట్ ఉందని అర్థం. ఆ సర్క్యూట్ నాసిరకమైతే రేడియోలో గరగర మోగిస్తుంది, అది వేరే గొడవ. ఒక బల్బు తెచ్చి, రేడియో పెట్టి వెలిగించి చూశాకే మిగతావి కొనండి.

రెండోది ప్లస్, మైనస్. హాలోజన్ తీగకు కరెంటు ఎటునుంచి వచ్చినా ఒకటే కాబట్టి, పాతికేళ్లలో ఈ బండి చేతులు మారిన ప్రతి యజమానీ తోచినట్టు వైర్లు కలిపి ఉంటాడు. ఎల్‌ఈడీకి దిక్కు ముఖ్యం. తిరగేసి పెడితే వెలగదు. రెండు పుల్లలు గుచ్చే రకం బల్బుల్లో కొన్ని ఎటు పెట్టినా వెలుగుతాయి. మిగతావాటికి వెలగకపోతే తీసి తిప్పి పెట్టడమే. తీగ మీద నేరుగా కలిపే ఎల్‌ఈడీ పట్టీలకు మాత్రం మల్టీమీటరుతో ముందే చూసుకోవాలి.

ట్యూబ్‌లైటు ఫిట్టింగులో మరో మెలిక ఉంది. 12 వోల్టులతో ట్యూబు వెలగదు కాబట్టి ఫిట్టింగు లోపల వోల్టేజీని బాగా పెంచే చిన్న సర్క్యూట్ ఉంటుంది. దాన్ని అలాగే ఉంచి ఎల్‌ఈడీ కలపకూడదు. పీకేసి, పాత తొడుగు లోపలే ఎల్‌ఈడీ పట్టీ అంటించి, 12 వోల్టుల తీగలు నేరుగా దానికివ్వాలి. ఇక రంగు సంగతి: గోధుమరంగు చెక్క, పూల పరదాలు ఉన్న ఆ పాత గదిలో 6000 కెల్విన్ తెల్ల బల్బు పెడితే మందుల షాపులో పడుకున్నట్టుంటుంది. 2700 నుంచి 3000 మధ్య తీసుకుంటే పాత పసుపు వెలుగే దొరుకుతుంది. బండి బయట ఉండే బ్రేకు, ఇండికేటర్ లైట్లను ఈ ఉత్సాహంలో మార్చకండి. బల్బు పోయిందేమో కనిపెట్టే కార్లు ఎల్‌ఈడీ తక్కువ కరెంటు చూసి తికమక పడతాయి, పైగా వాటికి చట్టం నియమాలున్నాయి.

ఇప్పుడు సూర్యుడి దగ్గరికి. మన ఊరి ఎండను మనసులో పెట్టుకుని ఇంగ్లండ్‌లో సోలార్ లెక్క వేస్తే బోల్తా పడతాం. డిసెంబరు 21న మిట్టమధ్యాహ్నం హైదరాబాద్‌లో సూర్యుడు 49 డిగ్రీల ఎత్తున ఉంటాడు. అదే రోజు లండన్‌లో 15 డిగ్రీలు. పక్కింటి కప్పు దాటి పైకి రావడమే గొప్ప. పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు, అందులో సగం మబ్బు. జూన్‌లో అంతా తలకిందులు: 62 డిగ్రీల ఎత్తు, పదహారు గంటల పైన వెలుగు. కప్పు మీద బల్లపరుపుగా పడుకోబెట్టిన 100 వాట్ల ప్యానెల్ దక్షిణ ఇంగ్లండ్‌లో జూన్ నెల సగటున రోజుకు 400 వాట్ అవర్ల దాకా తెస్తుంది. డిసెంబరులో 40, మహా అయితే 50.

ఇందాకటి 172 పక్కన ఈ 45ను పెట్టి చూడండి. గుప్పెడు బల్బులు మార్చినందుకు మిగిలింది, డిసెంబరులో దాదాపు నాలుగు ప్యానెళ్లు తెచ్చేదానికి సమానం. నాలుగు ప్యానెళ్లకు ఆ కప్పు మీద చోటే లేదు. వేసవిలో తీసుకున్నా తేడా చిన్నది కాదు. హాలోజన్ ఉంచుకుంటే ప్యానెల్ సంపాదనలో సగానికి పైగా దీపాలకే పోతుంది. ఎల్‌ఈడీ అయితే ఎనిమిదో వంతు పోతుంది. మిగిలినదాంతో ఫోన్లు, పంపు, చిన్న టీవీ హాయిగా నడుస్తాయి. చలికాలంలో అసలు తిండిపోతు దీపం కాదు, హీటర్ ఫ్యాను. మంట గ్యాస్‌దే అయినా వేడి గాలిని గొట్టాల్లోకి తోసే ఫ్యాను ఒకటిన్నర ఆంపియర్ల చొప్పున పది గంటలు తిరిగితే 180 వాట్ అవర్లు. దాన్ని డిసెంబరు ప్యానెల్ మోయలేదు. చలికాలం ప్రయాణాలకు కరెంటు కనెక్షన్ ఉన్న సైటు తీసుకోవడమే తెలివి, అందులో నామోషీ ఏమీ లేదు.

ఆంధ్ర, తెలంగాణల్లో ఇంటి మీద సోలార్ పెట్టించుకున్నవాళ్లు ఇక్కడో తేడా గమనించాలి. అక్కడ మిగిలిన కరెంటు గ్రిడ్‌లోకి పోతుంది, నెట్ మీటరు లెక్క రాస్తుంది. క్యారవాన్‌కు గ్రిడ్ లేదు. బ్యాటరీ నిండాక వచ్చే ఎండంతా వృథాయే. అందుకని జూన్‌ను చూసి పెద్ద ప్యానెల్ కొనక్కర్లేదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు తిరిగే కుటుంబానికి ఎల్‌ఈడీలు పెట్టాక 100 నుంచి 120 వాట్లు సరిపోతాయని నా లెక్క.

12 వోల్టుల ప్యానెల్ అని అమ్మేదాని వెనక చీటీ చదివితే 18 వోల్టులు అని ఉంటుంది. ఒక్కో సెల్ పనిచేసేటప్పుడు సుమారు అర వోల్టు ఇస్తుంది, 36 సెల్స్ వరసగా కలిపితే 18. బ్యాటరీని 14.4 దాకా ఎక్కించాలంటే పై నుంచి నీళ్లు పారినట్టు కాస్త ఎక్కువ ఒత్తిడి ఉండాలి మరి. లోడు లేనప్పుడు అది 22 దాకా పోతుంది. కాబట్టి మధ్యలో కాపలాదారు కావాలి. అదే ఛార్జ్ కంట్రోలరు. బ్యాటరీ నిండాక ఆపుతుంది, రాత్రి బ్యాటరీ నుంచి ప్యానెల్‌లోకి కరెంటు వెనక్కి పోకుండా అడ్డుకుంటుంది. వీటిలో రెండు రకాలు. పీడబ్ల్యూఎం రకం ప్యానెల్‌ను బ్యాటరీ వోల్టేజీకి లాగేస్తుంది. ప్యానెల్ ఇచ్చే 5.5 ఆంపియర్లు 13 వోల్టుల దగ్గర అందితే 71 వాట్లే. ఎంపీపీటీ రకం 18 వోల్టుల దగ్గరే తీసుకుని, వోల్టేజీ తగ్గించి ఆంపియర్లు పెంచి ఇస్తుంది. దాంతో 94 వాట్ల వరకు అందుతాయి. ఇది కాగితం లెక్క. ప్యానెల్ ఎండకు కాగి వోల్టేజీ పడిపోయినప్పుడు ఈ తేడా కరిగిపోతుంది. ఒక్క చిన్న ప్యానెల్‌కు పీడబ్ల్యూఎం పెట్టినా పాపం లేదు. మిగిలిన డబ్బు లావు కేబుల్ మీద పెట్టండి.

కేబుల్‌ను తేలిగ్గా తీసుకుంటారు జనం. 230 వోల్టుల్లో ఒక వోల్టు దారిలో పోతే ఎవరికీ తెలియదు. 12 వోల్టుల్లో ఒక వోల్టు పోతే పన్నెండో వంతు పోయినట్టే. ప్యానెల్ నుంచి కంట్రోలరుకు 5 మీటర్లు అనుకుంటే పోనూ రానూ 10 మీటర్ల రాగి. 1 చదరపు మిల్లీమీటరు వైరు వాడితే పూర్తి ఎండలో దాదాపు ఒక వోల్టు దారిలోనే ఆవిరి. 4 వాడితే పావు వోల్టు. కంట్రోలరును బ్యాటరీకి దగ్గరగా పెట్టాలి. బ్యాటరీ ప్లస్‌కు జానెడు దూరంలోపే ఫ్యూజు ఉండాలి, ఈ సైజు ప్యానెల్‌కు 10 ఆంపియర్లది చాలు. ఎండ లేకపోయినా బ్యాటరీ తనంతట తానే వందల ఆంపియర్లు కక్కగలదు. తీగ ఒరుసుకుని షార్ట్ అయితే చెక్క గోడల మధ్య మంట పుడుతుంది. ఆ ఫ్యూజు ఉన్నది వైరును కాపాడటానికి. కలిపేటప్పుడు ముందు బ్యాటరీని కంట్రోలరుకు, చివర ప్యానెల్‌ను. విప్పేటప్పుడు ముందు ప్యానెల్. ఛార్జ్ అయ్యేటప్పుడు లెడ్ యాసిడ్ బ్యాటరీ హైడ్రోజన్ వదులుతుంది కాబట్టి పెట్టెకున్న గాలి రంధ్రాన్ని చలి గాలి వస్తోందని మూసేయకండి.

నాకు నిద్ర పట్టనివ్వంది మాత్రం కరెంటు కాదు, కప్పు. ఆ కాలం బ్రిటిష్ క్యారవాన్లు చాలావరకు ఒకే తీరు: బయట సన్నని అల్యూమినియం రేకు, లోపల చెక్క చట్రం, మధ్య థర్మాకోల్, ఇటువైపు పలచని ప్లైవుడ్. అతుకు దగ్గర ఒక్క బొట్టు లోపలికి దిగినా ఏళ్ల తరబడి చెక్కను నానబెట్టి బిస్కెట్ చేసేస్తుంది, పై నుంచి చూస్తే ఏమీ కనబడదు. ఇలాంటి కప్పుకు స్క్రూలు బిగించడం మన చేత్తో మనం ఆ బొట్టుకు తలుపు తీయడమే. సైట్‌లో పక్క క్యారవాన్ పెద్దాయన నా చేతిలో డ్రిల్ చూసి టీ కప్పు పక్కన పెట్టి మరీ లేచొచ్చాడు. ఆయన మాట మీద జిగురుకే మారాను. నాలుగు మూలలకు ప్లాస్టిక్ దిమ్మెలు, వాటి కింద క్యారవాన్‌లకు వాడే పాలియురిథేన్ జిగురు. మామూలు బాత్రూము సిలికాన్ పనికిరాదు. రేకును రుద్ది, స్పిరిట్‌తో తుడిచి, పొడి రోజు చూసి అంటించాలి. ఒకటి రెండు రోజులు కదపకూడదు. గంటకు 60 మైళ్ల వేగంతో పోతుంటే ఎదురుగాలి ఆ ప్యానెల్‌ను విసనకర్రలా లేపాలని చూస్తుంది. కేబుల్ కోసం రంధ్రం ఒకటి తప్పదు. దాని మూత నోరు బండి వెనక్కి తిరిగి ఉండాలి, వాన ఎదురు కొట్టి లోపలికి రాకుండా.

ప్యానెల్ కింద రెండు మూడు సెంటీమీటర్ల గాలి సందు వదలాలి. 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకీ 0.4 శాతం దాకా దిగుబడి తగ్గుతుంది, 60కి కాగితే ఏడో వంతు పోయినట్టే. నేరుగా అతికించే పలచని వంగే ప్యానెళ్లకు ఈ సందు ఉండదు, అందుకే అవి ఎక్కువ కాగి తొందరగా ముసలివవుతాయి. టీవీ యాంటెన్నా నీడ కూడా చూసుకోవాలి. సెల్స్ అన్నీ ఒకే వరస కాబట్టి ఒక్క సెల్ మీద నీడ పడ్డా ప్యానెల్‌లో సగం వరస చతికిలబడుతుంది.

కప్పు మీద నమ్మకం లేనివాళ్లకు ఇంకో దారి ఉంది. మడతపెట్టే ప్యానెల్ కొని గడ్డి మీద నిలబెట్టడం. బండి చెట్టు నీడలో, ప్యానెల్ ఎండలో. నిటారుగా సూర్యుడి వైపు తిప్పితే చలికాలంలో పడుకోబెట్టినదానికంటే రెట్టింపు దాకా ఇస్తుంది. దొంగల భయం, ప్రతిసారీ పరిచే శ్రమ ఉన్నాయి. మళ్లీ మొదలుపెడితే నేను ఇదే కొంటాను.

ప్యానెల్ పెట్టగానే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న: రైస్ కుక్కర్ నడుస్తుందా? 500 వాట్ల కుక్కర్‌కు ఇన్వర్టర్ పెడితే 12 వోల్టుల వైపు 45 ఆంపియర్ల పైన లాగుతుంది. అన్నం ఉడికే పాతిక నిమిషాల్లో నష్టాలతో కలిపి 240 వాట్ అవర్లు. ఆనాటి దీపాలన్నిటికంటే ఎక్కువ. అన్నం గ్యాస్ మీద వార్చుకోండి. విచిత్రంగా మిక్సీకి ఆ ఇబ్బంది లేదు. వాట్లు అంతే అయినా రెండు నిమిషాల్లో పచ్చడి అయిపోతుంది, ఖర్చు 20 లోపే. మోటారు మొదలయ్యే క్షణపు ఊపును తట్టుకునే ఇన్వర్టర్, దానికి తగ్గ లావు తీగలు, ఫ్యూజు ఉంటే చాలు. ఫ్రిజ్‌ను మాత్రం ఆగి ఉన్నప్పుడు గ్యాస్ మీదే ఉంచాలి. గ్యాస్, మెయిన్స్, 12 వోల్టులు మూడిటి మీదా నడిచే ఆ పాత ఫ్రిజ్ 12 వోల్టుల మీద గంటకు 100 వాట్ అవర్ల దాకా తింటుంది, అది కారు లాగుతున్నప్పటికే. లిథియం బ్యాటరీ పెడితే ఇవన్నీ తీరిపోవా అంటే, బరువు సగమవుతుంది, దాదాపు మొత్తం వాడుకోవచ్చు, నిజమే. అయితే సున్నా డిగ్రీల కింద దాన్ని ఛార్జ్ చేయకూడదు, పాత ఛార్జరు దానికి పొసగకపోవచ్చు. బండి ఖరీదులో సగం బ్యాటరీకి పెట్టడం నాకు మనసొప్పలేదు.

అక్టోబరు చివర బండిని తాళం వేసి నిలబెడతాం. ఆ అయిదు నెలలూ లోపల ఎవరూ ఉండరు గానీ దొంగల అలారం మాత్రం రోజుకు అయిదారు వాట్ అవర్లు తింటూనే ఉంటుంది. బ్యాటరీ కూడా తనలో తాను కొంచెం కరుగుతుంది. పట్టించుకోకపోతే వసంతానికి ఉబ్బిన, చచ్చిన బ్యాటరీ చేతికొస్తుంది. ఇక్కడ ఆ దిక్కుమాలిన డిసెంబరు ఎండ, రోజుకు 45, ధారాళంగా సరిపోతుంది. మొదటి చలికాలం వాన పడుతుందని బండి మొత్తానికీ ముసుగు తొడిగించాను, ప్యానెల్‌తో సహా. మార్చిలో మీటరు 10.4 చూపించింది. ఇప్పుడు ముసుగులో ప్యానెల్ మేరకు ఒక కిటికీ కత్తిరించి ఉంది.